చల్లగా ఉన్న జగ్గు

ముందు ఆ చప్పుడు వినిపించింది. స్టీలు తొట్టిలో సన్నటి నీటిధార పడుతున్న చప్పుడు. పక్క గదిలో ఎవరో దారపుండ విప్పుతూ కూర్చున్నట్టు, తెగకుండా, తొందర లేకుండా. అది మొదలవగానే వార్డులో మాటలు తగ్గిపోయాయి. మంచాల మీది మగవాళ్ళు తలగడల మీంచి తలలెత్తి గోడ వైపు చూశారు. గోడ అవతల ఒక పెద్దాయన కొలత జగ్గు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొద్దున్నే ఆయనకి మూత్రం గొట్టం తీసేశారు. ఇక తనంతట తాను పోయాలి. వస్తే ఇంటికి. రాకపోతే మళ్ళీ గొట్టం.

"వస్తోందా బాబాయ్?" గోడ ఇవతల నుంచి ఒక ఆడగొంతు అడిగింది.

"నీ కుళాయికి వస్తోందమ్మా. నాకే రావడం లేదు."

వార్డంతా నవ్వింది. నవ్వు సద్దుమణగకముందే లోపల మరో చప్పుడు మొదలైంది. మొదటిదానికన్నా బొంగురుగా, తెగుతూ, మళ్ళీ అతుక్కుంటూ. నవ్వుతున్నవాళ్ళు నోళ్ళు మూసుకుని విన్నారు. ఒక ముసలాయన కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. కాసేపటికి తలుపు పక్క నుంచి ఆ అడిగిన నర్సు వార్డులోకి వచ్చింది. పొట్టి మనిషి, నడివయసు, చెవి వెనక పెన్ను. పట్టుకున్న జగ్గులో లేత ఎరుపు కలిసిన మూత్రం. దాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తుంటే ఆమె ముఖం వాన వెలిసిన వీధిలా ఉంది.

రోగులు ఆమెని కుళాయమ్మ అంటారు. ఆమెకి అసలు పేరొకటి ఉందనీ, అది ఆమె భుజం కింద బిళ్ళ మీద రాసే ఉందనీ ఎవరికీ గుర్తుండదు.

మా మేనమామకి ప్రొస్టేట్ ఆపరేషన్ అయినప్పుడు ఆ వార్డులో ఆయన మంచం పక్కన ఉన్న స్టూలు నాది. మామయ్య బస్సు కండక్టరుగా చేసి దిగినవాడు. ఎక్కిన ప్రతి మనిషితోనూ మాట కలపడం ఆయనకింకా పోలేదు. వచ్చిన రోజే కుళాయమ్మ పుట్టుపూర్వోత్తరాలన్నీ లాగేశాడు.

ఆమె ఈ వార్డుకి పెళ్ళి కాకముందే వచ్చింది. మగవాళ్ళ వార్డు, అందులోనూ ఈ జబ్బులు. మొదటి వారం భోజనం సయించలేదట. ఎవరూ ఆమె ముఖంలోకి చూసేవాళ్ళు కాదు. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా ఆమె వస్తుంటే దుప్పటి గడ్డం దాకా లాక్కునేవాళ్ళు. నొప్పి కన్నా సిగ్గు ఎక్కువ బాధపెట్టే చోటని ఆమెకి అర్థమైంది. ఒకసారి ఒకాయన ఎంతకీ ఒంటికి పోలేక గోడకి తల ఆనించి ఏడుస్తున్నాడు. ఆమెకి ఏం చేయాలో తోచలేదు. చిన్నప్పుడు తమ్ముణ్ణి కాళ్ళ మీద కూర్చోబెట్టుకుని అమ్మ పెదాలతో "స్‌స్‌స్" అనేది గుర్తొచ్చింది. ఆ పెద్దమనిషి ముందు అలా అనలేదు కదా. వెళ్ళి కుళాయి తిప్పింది.

"అంతే బాబాయ్ గారూ. నాకు తెలిసిన విద్య అదొక్కటే," అంది మామయ్యతో. "పెళ్ళయ్యాక మా ఆయనతో చెప్పాను. ఆయన గొట్టాల పని చేస్తాడు. వచ్చి ఈ గదికి విడిగా ఓ సన్న కుళాయి బిగించాడు. ధార మరీ లావుగా ఉంటే భయపడతారు, మరీ సన్నగా ఉంటే వినపడదు. కుళాయి లోపలి వాషర్లు మార్చి మార్చి ఈ చప్పుడు తెప్పించాడు."

"అయితే ఇంట్లో ఇద్దరిదీ ఒకటే పనన్నమాట!"

"మా అత్తగారూ అదే అంటుంది. కొడుకు గోడల్లో గొట్టాలు చూస్తాడు, కోడలు మనుషుల్లో చూస్తుంది, ఇంట్లో కారుతున్న కుళాయి మాత్రం ఇద్దరికీ కనపడదూ అని."

ఆ రోజుల్లో వార్డులో ఒక పరిశోధన జరుగుతోంది. చేస్తున్నది డాక్టరమ్మ. సన్నగా, గాలికి వంగిన కొమ్మలా కాస్త ముందుకి వంగి నడిచే మనిషి. ఆపరేషన్ తర్వాత మూత్రం గొట్టాన్ని ఎప్పుడు తీయాలి అన్నది ఆమె ప్రశ్న. మర్నాడే తీస్తే మంచిదా, మామూలుగా చేసేటట్టు ఇంకొన్నాళ్ళు ఉంచి తీస్తే మంచిదా? తొందరగా తీస్తే బాధ తగ్గుతుంది, చీము పట్టే భయం తగ్గుతుంది. కానీ లోపలి పచ్చిపుండు మానక మూత్రం బిగుసుకుపోతే? ఒప్పుకున్న రోగుల్ని చీటీ తీసినట్టు రెండు జట్లుగా పంచి, ఎవరికి ఎలా అయిందో చూస్తున్నారు. గొట్టం తీశాక ఎంత మూత్రం వచ్చిందో కొలిచేది కుళాయమ్మే. పోశాక లోపల ఎంత మిగిలిపోయిందో చూడ్డానికి పొట్ట మీద పెట్టే చిన్న మిషన్ ఒకటుంది. అది వార్డుకీ పైఅంతస్తుకీ కలిపి ఒక్కటే.

మామయ్యకీ పక్కమంచం ఆయనకీ తొందరగా తీసే చీటీయే వచ్చింది. పక్కమంచం ఆయన దర్జీ. అందరూ టైలరు మాస్టారు అనేవాళ్ళు. మాట తక్కువ. వచ్చేపోయేవాళ్ళ చొక్కాల కుట్లు చూస్తూ పడుకునేవాడు. ఒకరోజు నా చొక్కా భుజం వైపు చూసి, "ఈ చెయ్యి ఎవరు కుట్టారో గానీ, మీ మీద కోపంతో కుట్టాడు," అన్నాడు. ఆయనకి గొట్టమంటే హడల్. ఆపరేషన్‌కి ముందు ఇంకెక్కడో, చేయి తిరగని ఎవరో, ఆ గొట్టం పెట్టడానికి నానా తంటాలు పడ్డారట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన రెండు చేతులూ దుప్పటి అంచుని గట్టిగా పట్టుకునేవి.

కానీ డాక్టరమ్మంటే ఆయనకి ప్రాణం. ఆమె ఆయన మంచం అంచున కూర్చుని, తన పరిశోధన ఏమిటో, ఇష్టం లేకపోతే ఎలా మానేయవచ్చో, ఓపికగా వివరించింది. ఇన్నేళ్ళ బతుకులో తనని కూర్చోబెట్టి, మీకు ఇష్టమేనా అని అడిగిన చదువుకున్న మనిషి ఆమె ఒక్కతేనని మాస్టారు రెండుమూడుసార్లు అన్నాడు.

ఇద్దరికీ ఒకే పొద్దున గొట్టాలు తీశారు.

మామయ్యకి ఆలస్యం కాలేదు. మొదటిసారి కొంచెం, రెండోసారి ఇంకొంచెం. బయటికి వచ్చి యుద్ధం గెలిచినవాడిలా మంచమెక్కాడు. మాస్టారికి మాత్రం ఒక్కసారి చుక్కలు చుక్కలుగా ఎర్రటి మూత్రం వచ్చి ఆగిపోయింది. నీళ్ళు తాగమన్నారు, తాగాడు. నడవమన్నారు, నడిచాడు. కిటికీ దాకా వెళ్ళి, తిరిగి, మళ్ళీ కిటికీ దాకా. మంచాల మీది చూపులన్నీ ఆయన వెంట తిరుగుతున్నాయి.

అప్పుడే మామయ్య నోరు ఊరుకోలేదు. "ఏమండీ మాస్టారూ, మీ వల్ల డాక్టరమ్మ పరువు పోయేట్టుందే! పాపం, ఇంత పెద్ద పరీక్ష పెట్టుకుంటే మీరొక్కరే తెల్లకాగితం ఇచ్చేలా ఉన్నారు."

అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వాడు. నవ్వి, జగ్గు తీసుకుని గదిలోకి వెళ్ళాడు. కుళాయమ్మ వెనకే వెళ్ళి కుళాయి తిప్పి వచ్చింది. ధార పడుతోంది. చాలాసేపు అదొక్కటే చప్పుడు. మధ్యలో ఓ క్షణం ఆ చప్పుడు మారింది. తొట్టి మీంచి జరిగి మరెందులోనో పడుతున్నట్టు, మెత్తబడి, లోతెక్కి. మళ్ళీ మామూలైంది. నేనది విన్నాను. వార్డంతా వినే ఉంటుంది. అందరం కోరుకుంటున్న చప్పుడే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మాస్టారు జగ్గు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"అబ్బ!" అంది ఆమె. "ఎంత తేటగా ఉందో చూడండి బాబాయ్! కడిగిన ముత్యంలా!" పల్చటి గ్లవ్స్ చేతులతో జగ్గు పట్టుకుని, గీత దగ్గర కన్ను పెట్టి చూసి, పారబోసి, లెక్క రాసుకుంది. "కడుపు ఎలా ఉంది?"

"దూదిలా ఉందమ్మా."

మిషన్ పైఅంతస్తులో ఉంది. వచ్చాక చూసి పంపుదామనుకుంది. ఈలోగా ఆయన చేతికున్న సెలైన్ సూది తీసేసింది. ఇంటికి వెళ్ళాక వేసుకోవాల్సిన మందుల చీటీ ఆయన భార్య చేతికిచ్చింది. అవతల ఒక రోగికి రక్తం కారుతుంటే పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి మంచం ఖాళీ. దుప్పటి మడత పెట్టి, మడత మీద మడత, బట్టల షాపులో పేర్చినట్టు.

"ఎంత తొందరో మాస్టారికి!" అని నవ్వింది. ఫోను చేసి రమ్మందాం అనుకుంటూనే, మామయ్య మూడోసారి పోసి తెచ్చిన జగ్గు అందుకుంది.

ఆ నవ్వు ఆమె ముఖం మీదే ఉండిపోయింది, లోపలి దీపం ఆరిపోయాక కూడా కిటికీ తలుపులు తెరిచే ఉన్నట్టు. జగ్గుని రెండు చేతుల మధ్యా పట్టుకుని నిలబడిపోయింది. పారబోయడం లేదు. రాయడం లేదు.

"ఏంటమ్మా, తక్కువైందా?" అన్నాడు మామయ్య.

"వెచ్చగా ఉంది," అంది.

"మరి? ఒంట్లోంచి వచ్చింది వెచ్చగా కాక..."

"మాస్టారిది చల్లగా ఉంది బాబాయ్." ఆమె గొంతు కిందికి జారింది. "అయ్యో. ఎరుపు చుక్కైనా లేదు. చల్లగా ఉంది. నీళ్ళు పట్టిచ్చారాయన."

జగ్గు కింద పెట్టి ఫోను తీసింది. ఫోను మోగింది. మోగుతున్నది మడతపెట్టిన దుప్పటి పక్కన, తలగడ కింద. ఎక్కడో ఒక మనిషి కడుపులో తాగిన నీళ్ళన్నీ చేరుతున్నాయి. దారి మూసుకుపోయి ఉంది. ఆయన్ని పిలిచే ఒక్క తాడూ ఇక్కడే మర్చిపోయి వెళ్ళాడు.

డాక్టరమ్మ ఆపరేషన్ గదిలో ఉంది. కుళాయమ్మ ఆ తలుపు దాకా పరుగెత్తి, కొట్టి, చెప్పింది. టోపీ, ముసుగు మధ్య కళ్ళు మాత్రమే కనిపిస్తున్న డాక్టరమ్మ తలుపు సందులోంచి ఒక్క క్షణం వింది. "రక్తం గడ్డ అడ్డుపడి ఉంటుంది. బిగుసుకుపోతే లోపలి పుండు మళ్ళీ తెగుతుంది. వెళ్ళు. పొట్ట గట్టిగా ఉంటే అక్కడేమీ చేయకు, తీసుకొచ్చెయ్. ఇక్కడ బల్ల నేను సిద్ధంగా ఉంచుతాను. రమ్మంటే రారేమో?"

"ఎత్తుకొచ్చేస్తాను."

వార్డుని కొత్త నర్సుకి అప్పగించింది. మాస్టారి ఇల్లెక్కడో మామయ్యకే తెలుసు, కబుర్లలో లాగాడు కదా. బస్సు డిపో వెనక వీధి, గడియారాలు బాగుచేసే కొట్టు పక్క సందు. చెబుతున్నప్పుడు మామయ్య మా ఇద్దరి ముఖాల్లోకీ చూడలేదు.

"బండి తెచ్చారా తమ్ముడూ?" అంది ఆమె నాతో.

మధ్యాహ్నపు ఎండ రోడ్డు మీద తెల్లటి గుడ్డలా పరుచుకుని ఉంది. వెనక కూర్చున్న ఆమె ఒక్కచోట ఎర్రదీపం పడితే, తనలో తను అనుకుంటున్నట్టు, "తాగమన్నది కూడా నేనే. గ్లాసు మీద గ్లాసు. నేనే నింపి పంపాను," అంది.

గడియారాల కొట్టు పక్క సందులో ఇద్దరు మనుషులు ఒరుసుకోకుండా నడవలేరు. కుట్టుకొట్టు షట్టరు సగం దించి ఉంది. మాస్టారి భార్య గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసి తెల్లబోయింది.

"ఏంటి సిస్టరమ్మా, ఇంత దూరం? ఫోను కోసమా?"

"మాస్టారు ఏరీ?"

"లోపలే. వచ్చిన దగ్గర్నుంచీ అదోలా ఉన్నారు. కూర్చోరు, పడుకోరు. ఏమైందంటే కసురుతున్నారు. చెంబులు చెంబులు నీళ్ళు మాత్రం తాగుతున్నారు."

కుళాయమ్మ షట్టరు కింద నుంచి వంగి లోపలికి దూరింది. బట్టల ముక్కలు, సుద్దగీతలు, గోడకి వేలాడే సగం కుట్టిన కోట్లు. కత్తిరించే బల్ల మీద రెండు చేతులూ ఆనించి, నడుము వంచి, మాస్టారు నిలబడి ఉన్నాడు. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది. బల్ల మీద నీళ్ళ చెంబు. ఎదురుగా పరిచిన తెల్లగుడ్డ మీద ఆయన చెమట చుక్కలు పడి నల్లగా కనిపిస్తున్నాయి.

"ఎందుకొచ్చావమ్మా?" అన్నాడు, పళ్ళ మధ్య నుంచి.

"ఓసారి పొట్ట చూద్దాం బాబాయ్."

"ఏం అక్కర్లేదు. వచ్చిందిగా. నువ్వే చూశావుగా. రాసుకున్నావుగా."

"చూశాను. మళ్ళీ చూస్తాను."

ఆయన బల్ల అవతలికి జరగబోయాడు, జరగలేకపోయాడు. ఆమె దగ్గరికి వెళ్ళి, ఆయన చొక్కా పైకెత్తి, బొడ్డు కింద అరచేయి ఆనించింది. చాలా మెల్లగానే ఆనించింది. ఆయన నోట్లోంచి వచ్చిన చప్పుడుకి బయట ఆయన భార్య గుమ్మం పట్టుకుంది.

పొట్ట బిర్రుగా, లోపల ఎవరో బంతి ఊది పెట్టినట్టు, గుండ్రంగా పైకి లేచి ఉంది. ఆమె చేయి తీయకుండా నా వైపు తిరిగి ఒక్క మాట అంది. "ఆటో."

నేను ఆటో తెచ్చేసరికి లోపల ఇంకా రగడే.

"నాకు మళ్ళీ ఆ గొట్టం వద్దమ్మా. చచ్చినా వద్దు. కాసేపుంటే అదే వస్తుంది. నీ కుళాయి లేక రావడం లేదంతే."

"అలాగైతే ఇక్కడా తిప్పుదాం. ఎక్కడుంది కుళాయి?"

ఆమె నిజంగానే వెనక గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. ధార పడింది. పెద్ద ధార, మోటు చప్పుడు. మాస్టారు గోడ పట్టుకుని అక్కడిదాకా వెళ్ళాడు. మేం గుమ్మం దగ్గర ఆగాం. బకెట్టు నిండి, నీళ్ళు పొర్లి, గచ్చు మీద పాకుతూ మా కాళ్ళ దాకా వచ్చాయి. ఆయన లోపల నుంచి చిన్నపిల్లాడిలా ఏడవడం మొదలుపెట్టాడు.

"కొత్తవాళ్ళెవరూ ముట్టుకోరు మిమ్మల్ని," అంది ఆమె తలుపు ఇవతల నుంచి. "డాక్టరమ్మే పెడుతుంది. నేను మీ చేయి పట్టుకునే ఉంటాను. నొప్పిగా ఉంటే నన్ను తిట్టండి, ఎంత తిట్టినా పడతాను. రండి బాబాయ్."

తలుపు తెరుచుకుంది.

నా బండి అక్కడే వదిలేసి డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెనక మాస్టారు, అటు భార్య, ఇటు కుళాయమ్మ. తిరుగుదారిలో ఎక్కడో నీళ్ళ గొట్టాల కోసం రోడ్డు తవ్వేసి ఉంది. వచ్చేటప్పుడు నాకది గతుకని కూడా తెలియలేదు. ఇప్పుడు ప్రతి గుంతా ముందే కనిపిస్తోంది. గుంత వచ్చిన ప్రతిసారీ వెనక ఒక మూలుగు. డ్రైవరు భుజాలు కూడా ముడుచుకుపోతున్నాయి.

"మెల్లగా పోనీ అన్నా."

"మెల్లగానే పోతున్నా అక్కా. రోడ్డు ఊరుకోవడం లేదు."

మాస్టారి ముఖంలో రక్తం లేదు. పెదవులు కదులుతున్నాయి. కుళాయమ్మ చెవి దగ్గర పెట్టి వింది. వార్డులో అప్పటివరకూ బయటపెట్టని మాట ఆయన అక్కడ, ఆ గుంతల మధ్య, ముక్కలుముక్కలుగా బయటపెట్టాడు.

"కుళాయి నీళ్ళు పట్టానమ్మా."

"తెలుసు బాబాయ్."

"మరీ నిండుగా పడితే అనుమానం వస్తుందని... కాస్త తగ్గించే పట్టాను."

"బాగా పట్టారు. నేను నమ్మాను."

"రంగు సంగతే తట్టలేదు." కళ్ళు మూసుకున్నాడు. "దారం రంగు కలపడంలో ఎప్పుడూ పొరపాటు పడని మనిషిని."

"ఎందుకండీ ఇలా చేశారు?" అని భార్య ఏడుస్తూ భుజం మీద కొట్టబోయి, కొట్టలేక, ఆ చేత్తోనే చెమట తుడిచింది.

"గొట్టమంటే భయం. అదొకటి." మరో గుంత. మాట ఆగి, మళ్ళీ అందింది. "ఆవిడ అంత మర్యాదగా అడిగింది కదా. ఆవిడ పరీక్ష నా వల్ల పోతే ఎలాగని అనిపించింది."

నేను వెనక్కి తిరగలేదు. మామయ్య నవ్వు గుర్తొచ్చింది. ఆ నవ్వులో నాదీ ఉంది.

తర్వాత ఆయన మాట్లాడలేదు. కుళాయమ్మ మాత్రం మాట్లాడుతూనే ఉంది, ఏదో ఒకటి. మా ఆయన ప్యాంటు అంచు ఊడిపోయింది, మీరు లేచాక కుట్టిపెట్టాలి. మా అత్తగారికి జాకెట్టు ఎవరు కుట్టినా నచ్చదు, మీ దగ్గరికి తీసుకొస్తాను, పంతం పడదాం. ఆయన తల ఆమె భుజం మీదికి ఒరిగింది. ఆమె మాట ఆపలేదు గానీ, వేళ్ళు ఆయన మణికట్టు మీద నాడి వెతుకుతున్నాయి. అద్దంలో చూశాను. వేళ్ళు ఒకచోట ఆగాయి. ఆగాక ఆమె ఊపిరి వదిలింది.

ఆసుపత్రి మెట్ల దగ్గర స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. డాక్టరమ్మ మాట తప్పలేదు. తెర వేశారు. తెర ఇవతల మాస్టారి భార్య, నేను. మామయ్య మంచం మీద లేచి కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడేసి, నేల చూస్తున్నాడు.

"గట్టిగా ఊపిరి తీసుకోండి మాస్టారూ," డాక్టరమ్మ గొంతు.

"తిట్టండి బాబాయ్. తిట్టండి," కుళాయమ్మ గొంతు.

ఆయన తిట్టాడు. ఆ తిట్లు వార్డంతా విన్నది, ఎవరూ నవ్వలేదు. ఒకటి రెండు తిట్లు మా మామయ్యకి కూడా కొత్తవి. ఆ తర్వాత ఏమీ లేదు. లోహపు పళ్ళెంలో ఏదో పెట్టిన చప్పుడు. మళ్ళీ నిశ్శబ్దం. "గడ్డ ఉంది, కడగాలి," అంది డాక్టరమ్మ. పిచికారీ చప్పుడు. ఇంకోసారి. మాస్టారి భార్య నా మోచేయి పట్టుకుంది, ఎవరిదో చూసుకోకుండా.

అప్పుడు పడింది. గోడ పక్కన కుళాయి కట్టేసే ఉంది. అయినా ధార పడుతోంది. ముందు సన్నగా, తర్వాత దిగువకి దారి దొరికిన వాగులా. పడుతూనే ఉంది. మాస్టారు తెర అవతల ఒక్కసారి "అమ్మా" అన్నాడు. ఆ మాటలో నొప్పి లేదు.

వార్డులో ఎవరో ముక్కు చీదారు.

సాయంత్రం డాక్టరమ్మ మళ్ళీ వచ్చి ఆయన మంచం అంచునే కూర్చుంది, మొదటి రోజు కూర్చున్నట్టే. మాస్టారు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"మీ లెక్క పాడుచేశానమ్మా."

"చేసేవారే. దొరికిపోయారు కాబట్టి సరిపోయింది," అంది ఆమె. "మాస్టారూ, తొందరగా తీస్తే మంచిదో కాదో నాకు తెలియదు. తెలిస్తే మిమ్మల్నెందుకు కష్టపెడతాను? రాలేదని మీరంటే నాకొక సంగతి తెలిసేది. మీరేమో నీళ్ళిచ్చారు. మీ నీళ్ళు నమ్మి రేపు నేను ఎక్కడో ఉన్న ఇంకొకాయనకి గొట్టం తీయించేస్తాను. ఆయన కోసం కుళాయమ్మ బండెక్కి వెళ్ళడం కుదరదు కదా."

మాస్టారు ఇటు తిరిగాడు. "రాలేదమ్మా," అన్నాడు. "పొద్దున ఆ ఎర్రచుక్కలు తప్ప ఒక్క చుక్క కూడా రాలేదు. అలాగే రాసుకో."

మామయ్య మంచం దిగి, లుంగీ సర్దుకుని, మెల్లగా వచ్చి మాస్టారి కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. "నా నోటికి తాళం వేయించుకుంటాను మాస్టారూ," అన్నాడు. మాస్టారు, "తాళం ఎందుకు, కుట్టేస్తాను, ఇలా రా," అన్నాడు.

మిషన్ రాకముందే మందుల చీటీ ఇచ్చేసిన సంగతీ, సూది తీసేసిన సంగతీ కుళాయమ్మే డాక్టరమ్మకి చెప్పింది. ఎవరూ అడగకముందే చెప్పింది. పరిశోధనల మీద అజమాయిషీ చేసే పెద్దలకి ఇదంతా పంపాలి. ఆమెని ఆ పని నుంచి తీసేసినా తీసేయవచ్చు. కొన్ని రోజులు వార్డులో ఆమె మాట తగ్గింది. నీటిధార మధ్యలో ఆమె గొంతు వినపడేది కాదు. మామయ్యని ఇంటికి తెచ్చేశాక కూడా ఆయన రోజూ అడిగేవాడు, "ఆవిడ సంగతేమైందో కనుక్కున్నావా?" అని.

పరీక్ష చేయించడానికి మామయ్యని మళ్ళీ తీసుకెళ్ళినప్పుడు తెలిసింది. ఆమెని తీయలేదు. తప్పు రాసుకున్నారు, దాని కింద డాక్టరమ్మ తన తప్పూ రాసుకుంది, ఉన్నది ఒక్క మిషనే అని తెలిసీ మొదలుపెట్టానని. వార్డుకి సొంతంగా ఇంకొక మిషన్ వచ్చింది. అది పొట్ట మీద పెట్టి చూశాకే చీటీ. ఇంకొక మార్పు కుళాయమ్మ భర్త చేశాడు. కుళాయి తిప్పే చెయ్యి గోడ ఇవతలికి మార్చాడు. ధార పడే మూతిని గోడకి ఆనించి వంచేశాడు, కింద జగ్గు కాదు కదా, గ్లాసు కూడా పట్టదు. చప్పుడు మాత్రం పోనివ్వలేదు.

ఆ రోజే మాస్టారికి రెండోసారి గొట్టం తీశారు. మేం వెళ్ళేసరికి ఆయన ఆ గదిలో ఉన్నాడు. కుళాయమ్మ గోడ ఇవతల కుళాయి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. మమ్మల్ని చూసింది గానీ పలకరించలేదు. తల వంచి వింటోంది. వార్డంతా వింటోంది. మామయ్య నా భుజం మీద చేయి వేశాడు.

"ఇంకా రాలేదమ్మా," అన్నాడు మాస్టారు లోపలి నుంచి.

"సరే బాబాయ్. నేనెక్కడికీ పోవడం లేదు."

ధార పడుతూ ఉంది. కిటికీ ఎండ నేల మీద జరిగి ఆమె పాదాల దాకా వచ్చింది.

"ఇంకా లేదు."

"సరే."

తర్వాత మాస్టారేమీ అనలేదు. ఆమె వేళ్ళు కుళాయి చెయ్యి మీద బిగుసుకున్నాయి. ఉన్నట్టుండి ఆమె కుళాయి కట్టేసింది. ఎందుకో మాకు అర్థం కాలేదు. ధార ఆగిన నిశ్శబ్దంలో, గోడ అవతల నుంచి, తెగకుండా, ఆ రెండో చప్పుడు మిగిలింది.

మాస్టారు తలుపు తీసుకుని బయటికి వచ్చి జగ్గు ముందుకి చాచాడు. "కింద నుంచి పట్టుకో," అన్నాడు. "వెచ్చగా ఉంది, చూడు."

ఆమె రెండు చేతుల్తో పట్టుకుంది. కాసేపు వదల్లేదు. తర్వాత ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, మిషన్ పొట్ట మీద పెట్టి చూసింది. చూశాకే నవ్వింది.

మామయ్య మందుల చీటీ రాయించుకుని వెళ్ళేటప్పుడు ఆమె మెట్ల దాకా వచ్చింది. మామయ్య ముందు దిగిపోయాడు. ఆమె కోసం ఏదో ఒక మంచి మాట వెతుక్కుని, ఆ రోజు మాస్టారిని మీరే బతికించారు అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"జగ్గు చల్లగా ఉందని నా చేతికి అప్పుడే తెలుసు తమ్ముడూ. వచ్చేసిందన్న సంతోషంలో నేనే పట్టించుకోలేదు. సరేగానీ, ఇంటి దగ్గర మామయ్య గారిని అడుగుతూ ఉండండి. సరిగ్గా రాకపోతే, మొహమాటపడకుండా రాలేదనే చెప్పమనండి."